హెడర్ ఫైల్‌లో స్థిర విలువలు: ఈనమా, మాక్రోనా?

ప్రశ్న: సార్, నేను బీటెక్ మూడో ఏడాది. మా సీ ప్రాజెక్టు హెడర్‌లో బోర్డు రకాలు, మోటారు స్థితులు (ఆగింది, తిరుగుతోంది, ఫాల్ట్) అన్నీ హ్యాష్ డిఫైన్ (#define) మాక్రోలుగా రాశాను. ఈనమ్ (enum, పేర్లు పెట్టిన పూర్ణాంకాల జాబితా) మంచిదని సీనియర్ చెబితే మొత్తం మార్చేశాను. ఒక్క ఎర్రర్ రాలేదు, కానీ కొత్త బోర్డు ఎంచుకున్నా పాత బోర్డు కోడే కంపైల్ అవుతోంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్. మళ్లీ మాక్రోలకే వెళ్లిపోనా?

జవాబు: అన్నీ వద్దు, బోర్డు పేర్లు మాత్రం వెనక్కి మార్చండి. ఏ బోర్డు కోడ్ తీసుకోవాలో తేల్చే హ్యాష్ ఇఫ్ (#if)ను చదివేది ప్రీప్రాసెసర్ (కంపైల్‌కు ముందు మాక్రోల స్థానంలో విలువలు పెట్టేది), ఈనమ్‌ను కంపైలర్ చూసే దశ ఆ తర్వాత వస్తుంది, కాబట్టి మీ ఈనమ్ పేర్లు ప్రీప్రాసెసర్‌కు తెలియవు. తెలియని పేరు హ్యాష్ ఇఫ్‌లో కనిపిస్తే సున్నాగా తీసుకోమని సీ ప్రమాణంలోనే ఉంది. ఎంచుకున్నది పాత బోర్డేనా అని మీరు అడిగారు, అది సున్నా, సున్నా సమానమా అని చదువుకుని అవునంది. జీసీసీ కంపైలర్‌లో మైనస్ వాల్ (-Wall, సాధారణ వార్నింగ్‌ల ఆప్షన్) పెట్టినా దీనికి వార్నింగ్ రాదు. మైనస్ డబ్ల్యూ అండెఫ్ (-Wundef) అని విడిగా ఇవ్వాలి, ఇవాళే బిల్డ్ ఆదేశాలుండే మేక్‌ఫైల్‌లో చేర్చండి.

మోటారు స్థితుల విషయంలో మీ సీనియర్ మాటే నిజం. వేరియబుల్‌ను కూడా ఇంట్‌గా కాకుండా ఆ ఈనమ్ రకంతోనే డిక్లేర్ చేయండి. అప్పుడు జీడీబీ డీబగ్గర్‌లో ప్రింట్ చేస్తే ఉత్త 2 బదులు మోటార్ ఫాల్ట్ అన్న పేరే కనిపిస్తుంది, రాత్రి పూట బగ్ వెతికేటప్పుడు ఇది ఎంత ఊరటో చెప్పలేను. రేపు నాలుగో స్థితి చేర్చి స్విచ్‌లో దాని కేస్ రాయడం మర్చిపోతే మైనస్ వాల్ పట్టుకుంటుంది, కాకపోతే స్విచ్‌లో డిఫాల్ట్ ఉంటే ఆ వార్నింగ్ రాదు.

దశాంశాలు, స్ట్రింగ్‌లకు మాక్రోలే వాడండి. సీ23కి ముందు ఈనమ్ విలువ ఇంట్‌లో పట్టాలి కాబట్టి పెద్ద రిజిస్టర్ అడ్రస్‌లకూ అంతే. మాక్రోలో లెక్క ఉంటే బ్రాకెట్లు తప్పనిసరి: 10+5 అని వదిలేసి ఎక్కడో రెండుతో గుణిస్తే 30 రాదు, 20 వస్తుంది.

ఇంకొకటి, ఆ మోటారు స్థితిని సీరియల్‌లో వేరే బోర్డుకు పంపుతుంటే ఈనమ్ రకాన్ని నేరుగా ప్యాకెట్ స్ట్రక్చర్‌లో పెట్టకండి. దాని సైజు కంపైలర్‌ను బట్టి ఒక చోట నాలుగు బైట్లు, ఇంకో చోట ఒకటి కావచ్చు. ఒక బైటు అన్‌సైన్డ్ రకంలోకి మార్చి పంపండి.