పైన ఒక పలుకు పెట్టు

అమ్మడూ,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి, శనివారం నీ స్నేహితులు ముప్ఫైమందికి నువ్వే బాదంలాంటి హేజెల్‌నట్ గింజలతో చాక్లెట్ ఉండలు, అదే ట్రఫుల్స్, చేసి పట్టుకెళ్తున్నావని చెప్పింది. అదీ వీగన్, అంటే పాలూ గుడ్డూ లాంటివేవీ తగలకుండా, అదీ పంచదార లేకుండానట! టీ పెట్టుకోవడానికి బద్ధకించే పిల్ల ఇంతదయిందా అని కాసేపు మురిసిపోయాను. కాసేపే. తర్వాత టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అంటూ ఇంకో పని చూసుకుంటావని ఇలా రాస్తున్నా.

కొలతలు ముందే చెప్పేస్తా. ఇరవై ఉండలకి హేజెల్‌నట్స్ 150 గ్రాములు, గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 150 గ్రాములు, కోకో పౌడర్ మూడు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు. పైపూతకి డార్క్ చాక్లెట్ 120 గ్రాములు, కొబ్బరినూనె ఒక చెంచా. నువ్వు రెండింతలు వేసుకో.

హేజెల్‌నట్స్ కొనగానే ఒకటి నోట్లో వేసుకుని చూడు. వంద గ్రాముల్లో దాదాపు అరవై గ్రాములు కొవ్వే, పాతబడితే ముక్కిన వాసన వస్తుంది. ఎంత కోకో వేసినా ఆ వాసన దాగదు. 170 డిగ్రీల ఓవెన్‌లో పది పన్నెండు నిమిషాలు వేయించి, వేడి మీదే తువ్వాలులో మూటకట్టి రుద్దితే పొట్టు రాలిపోతుంది. అక్కడక్కడా మిగిలితే దాని వెంటపడకు. బాగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పు, ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. ఖర్జూరం గట్టిగా ఉంటే పది నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి, ఆ తడంతా ఒత్తి తుడిచెయ్. తర్వాత అన్నీ కలిపి ఉండలు చుట్టడమే. గుండ్రంగా రాలేదని బాధపడకు. అసలు ట్రఫుల్ అంటే నేల కింద పెరిగే ఒక జాతి పుట్టగొడుగు. మట్టంటుకున్న ఆ ముద్దలా ఉంటాయనే వీటికా పేరు. వంకరగా ఉంటేనే పేరుకి తగ్గట్టు ఉన్నట్టు.

చాక్లెట్ కరిగించేటప్పుడు నీటి చుక్క పడనివ్వకు. పడితే అందులోని చక్కెర ఆ తడిని పట్టుకుని మొత్తం ఇసుకలా ముద్దకడుతుంది. కట్టిందా, పారెయ్యకు. నాలుగు చెంచాల వేడినీళ్లు పోసి తిప్పితే మళ్లీ నున్నగా వస్తుంది. పూతకి పనికిరాదు గానీ సాస్‌లా వాడుకోవచ్చు. థర్మామీటర్ పెట్టి 45 డిగ్రీలకి కరిగించి, 27కి చల్లార్చి, మళ్లీ 31కి వేడిచేస్తే పూత అద్దంలా మెరుస్తుంది. నేనెప్పుడూ ఆ తంటా పడలేదు. తెల్లటి మచ్చలొస్తే అది బూజు కాదు, కోకో గింజల్లోని కొవ్వు పైకి తేలడం. తినొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం తిట్టాలి. "పంచదార లేదు" అని ఎవరికీ చెప్పకు. మెత్తటి ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. 70 శాతం డార్క్ చాక్లెట్ అంటే మిగతా 30లో ఎక్కువ భాగం పంచదారే. పీచు ఉంది, వెన్నా క్రీమూ లేవు, ఆ మాట నిజం. అంతవరకే చెప్పు. షుగర్ ఉన్నవాళ్లు నీ మాట నమ్మి నాలుగు తింటారు.

ఇక ఇది ఎందుకు రాస్తున్నానో చెప్తా. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

నువ్వు పుట్టకముందు మాట. ఒక స్నేహితురాలి ఇంట్లో విందుకి నేనూ ఇవే చేసి పట్టుకెళ్లాను. అప్పుడు నాకు నీ వయసే, నీ పొగరే. పళ్లెం బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా అన్నాను, "పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు. ఎవరైనా తినొచ్చు." అక్కడ ఆరేళ్ల బాబొకడు ఉన్నాడు. వాడికి ఇలాంటి గింజలు పడవు. వాళ్లమ్మ ఎక్కడికెళ్లినా అడిగి గానీ పెట్టదు. "ఎవరైనా" అన్న నా మాట విని ఆ ఒక్కసారి అడగలేదు. చూస్తే తెలిసేదీ కాదు. పలుకు ఒక్కటీ కనపడకుండా మెత్తగా రుబ్బి, పైన నున్నగా పూత పూశాను కదా, అదే నా గొప్ప.

వాడు సగం తిని నా దగ్గరికే వచ్చాడు. "ఆంటీ, నాలుక గుచ్చుకుంటోంది" అన్నాడు. నేను నవ్వాను. పిల్లలకి డార్క్ చాక్లెట్ అలాగే ఉంటుందిలే అని గ్లాసుడు నీళ్లిచ్చి పంపాను. చేసినదాంట్లో ఏముందో చెప్పకపోవడం ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. ఐదు నిమిషాలు పోగొట్టాను. ఈలోగా పెదవులు ఉబ్బాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి, తర్వాత పిల్లికూతలు. వాళ్లమ్మ బ్యాగులోంచి అలర్జీకి వేసే ఇంజెక్షన్ పెన్ను తీసి తొడ మీద పొడిచింది. ఆవిడ చేయి వణకలేదు. నేను అంబులెన్స్‌కి ఫోన్ చేసి ఇంటి నంబరు తప్పు చెప్పాను.

బాబుకి ఏమీ కాలేదు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకి తిరగబెట్టొచ్చని రాత్రంతా ఆస్పత్రిలో ఉంచారు. నేను వరండాలో కూర్చున్నా. తెల్లవారాక వాళ్లమ్మ బయటికొచ్చి, "తప్పు నాదేనండీ, నేను అడగాల్సింది" అంది. తిట్టినా బాగుండేది. లేనివన్నీ ఏకరువు పెట్టినదాన్ని, ఉన్నది ఒక్కటి చెప్పలేకపోయాను.

అందుకని రిబ్బన్లూ అలంకారాలూ తర్వాత. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "హేజెల్‌నట్స్ ఉన్నాయి" అని రాయి. నోటితో కూడా చెప్పు. వీగన్ అంటే అందరికీ పడేదని కాదు. పాలు పడనివాళ్లు ఎవరైనా ఉంటే చాక్లెట్ రేపర్ వెనక చిన్న అక్షరాలు చదువు. పాల చాక్లెట్ చేసిన యంత్రం మీదే డార్క్ చాక్లెట్ కూడా చేస్తుంటారు, ఆ జాడలు మిగలొచ్చు. "నాకు రెండు గింజలు లేకుండా చెయ్యవే" అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకు. అదే మిక్సీ, అదే గరిటె. వాళ్లకి పండేదైనా పట్టుకెళ్లు.

పూత ఆరకముందే ప్రతి ఉండ మీదా వేయించిన పలుకు ఒకటి నొక్కి పెట్టు. అందానికి కాదు.

ఎవరికైనా నాలుక దురదన్నా, గొంతు బిగుసుకుందన్నా, వాళ్ల దగ్గర ఆ పెన్ను ఉంటే వెంటనే వేయించు, ఉన్నా లేకపోయినా అంబులెన్స్ పిలువు. మాత్ర వేసి చూద్దాంలే అని కూర్చోకు.

భయపెట్టానా? దాదాపు పదేళ్లు నేను ఇవి చేయలేదు తల్లీ. నీకు ఏడేళ్లప్పుడు నువ్వు అడిగితే మళ్లీ మొదలుపెట్టాను. మొదటి ఉండ నీ చేతికిచ్చి నీ పెదవులే చూస్తూ కూర్చున్నా. "అలా చూస్తావేం, నీకూ కావాలా" అని కొరికిన ముక్క నా నోట్లో పెట్టావు. నీకు గుర్తుండదు.

గాలి చొరని డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో వారం నిలుస్తాయి. బయటికి తీశాక ఓ ఇరవై నిమిషాలు మూత తెరవకు, చెమట పడుతుంది. పార్టీ జరిగే ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనివ్వకు, చాక్లెట్ వాటికి విషం.

శుక్రవారం రాత్రికి చేసేసి, పెట్టె మీద రాసింది ఫొటో తీసి పంపు. ట్రఫుల్స్ ఫొటో తర్వాత పంపినా సరే.

పెద్దమ్మ