పన్నెండు మందితో సినిమాకు వెళ్ళేముందు మెట్లు లెక్కపెట్టండి

"ఇంట్లో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు, నా ఫ్రెండ్స్ ఒకరిద్దరు, అందరం కలిసి వరంగల్‌లో సినిమాకు వెళ్దామనుకుంటున్నాం. పది మంది దాటుతారు. ఏ సినిమా అయితే అందరికీ నచ్చుతుంది? మీలో ఎవరైనా ఇలా వెళ్ళారా?" అని ఒకరు అడిగారు.

వెళ్ళాం. రెండుసార్లు. మొదటిసారి వెళ్ళొచ్చాక రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు. రెండోసారి మాత్రం మస్తు అయింది. అప్పుడు చూసిన సినిమా ఇంకా చెత్తది, అది వేరే సంగతి. అందుకే ఏ సినిమా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. అందరికీ నచ్చేది దొరకదు, దానికోసం వెతకడం కూడా దండగ. ముందు థియేటర్ చూడండి. అందులోనూ స్క్రీన్ ఎంత పెద్దది, సౌండ్ ఏ కంపెనీది అన్నవి తర్వాత. మెట్లు ఎన్ని, బాత్రూం ఎంత దూరం అన్నవి ముందు.

మాది హన్మకొండ. మొదటిసారి వెళ్ళింది దసరా తెల్లారి. పండుగ నాడు జమ్మి, మటన్, చుట్టాలతో ఎవరికీ తీరదు కదా. చెల్లె, బావ కరీంనగర్ నుంచి పది నెలల పాపతో వచ్చారు. నాయనమ్మ, అమ్మ, బాపు, నేను, నా భార్య, తొమ్మిదేళ్ళ బిడ్డ, నాలుగేళ్ళ కొడుకు, చెల్లె, బావ. వీళ్ళకు తోడు నాతో బడిలో చదువుకున్న దోస్తులు ఇద్దరు, అందులో ఒకడి భార్య. పన్నెండు టికెట్లు, ఒళ్ళో పాప.

టికెట్ల దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. యాప్‌లో ఒకసారికి పది సీట్లకు మించి బుక్ కావు. ఆ సంగతి నాకు పదకొండో సీటు నొక్కినప్పుడే తెలిసింది. సరే అని పది తీసుకుని, డబ్బులు కట్టి, మిగతా రెండింటికి మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి పక్కనున్న సీట్లు ఎవరో లాగేసుకున్నారు. ఆ రెండూ ముందు నుంచి రెండో వరుసలో దొరికాయి. పెళ్ళయిన దోస్తుగాణ్ణీ, వాడి భార్యనూ అక్కడ కూర్చోబెట్టాను. సినిమా అంతా మెడలు పైకెత్తుకుని చూశారు. వాడు ఇప్పటికీ ఏ గొడవ వచ్చినా ఆ రెండో వరుస ముచ్చట తీస్తాడు.

కాబట్టి పది దాటితే ఒకే వరుస అని పట్టుబట్టకండి. రెండు ఫోన్లలో ఒకేసారి, ఆరు ఒక వరుసలో, ఆరు సరిగ్గా దాని వెనక వరుసలో పడేలా తీసుకోండి. పన్నెండు మంది బారుగా కూర్చుంటే ఈ చివరన ఉన్నవాడికి ఆ చివర ఏమవుతోందో తెలియదు. ముందూ వెనకా అయితే పిల్లాణ్ణి సీటు మీద నుంచే అందించుకోవచ్చు. పెద్దవాళ్ళకు, పసిపిల్లల తల్లికి దారి పక్క సీట్లు ఉంచండి. ఇది మాత్రం మరువకండి.

ఖర్చు సంగతి కూడా ముందే లెక్కేసుకోండి. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 120 ప్రకారం మామూలు సీటుకు టికెట్ గరిష్ఠం ఏసీ ఉన్న సింగిల్ స్క్రీన్ థియేటర్లో 150, మల్టీప్లెక్సులో 250, జీఎస్టీ అదనం. పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతితో ఇంకా పెంచుకుంటారు. మనిషికి వంద తేడా అంటే ఒక్కరికి చిన్నగానే ఉంటుంది. పన్నెండుతో గుణించి చూడండి, ఇంటిల్లిపాదికి బిర్యానీ వస్తుంది.

మా బాపు కాజీపేట రైల్వే డీజిల్ షెడ్‌లో చేసి రిటైరయ్యాడు. షో రెండున్నరకు. ఆయన పన్నెండింటికే చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. "ఇంక రెండున్నర గంటలున్నది బాపూ" అంటే, "బండి మనకోసం ఆగదురా" అన్నాడు. సినిమాకు కూడా బండి అనే అంటాడు. ఇంకోవైపు నా రెండో దోస్తు, పెళ్ళికానివాడు, రెండింబావుకు ఫోన్ చేస్తే "బయల్దేరిన్రా, అయిదు నిమిషాల్ల ఉంట" అన్నాడు. వెనక బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు.

థియేటర్ మాల్లో పై అంతస్తులో ఉంది. అందరం ఎస్కలేటర్ దగ్గరికి చేరాం. నాయనమ్మకు ఎనభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. అంతకుముందు ఎప్పుడూ ఎస్కలేటర్ ఎక్కలేదు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, కింద నుంచి ఒక్కో మెట్టు పుట్టుకొస్తుంటే చూస్తూ నిలబడింది. కాలు ముందుకు పెట్టబోతుంది, మెట్టు వెళ్ళిపోతుంది, కాలు వెనక్కి తీసుకుంటుంది. అలా నాలుగైదుసార్లు. వెనక జనం జమయ్యారు. "ఎక్కు నాయనమ్మా, ఏం కాదు" అంటే నెమ్మదిగా చెప్పింది: "అది ఆగినంక ఎక్కుత బిడ్డా, తొందరేమున్నది."

అది ఆగదు కదా. లిఫ్ట్ ఎక్కడుందో వెతుక్కుంటూ పోయాం. పార్కింగ్ వైపు ఒక మూలన ఉంది. దాని ముందు పిల్లల బండ్లు, సామాన్ల సంచులు, మనలాంటి ముసలివాళ్ళు. మూడోసారికి చోటు దొరికింది. బాపు అప్పటికే పైకి వెళ్ళి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు, బండి కదిలిందని.

పైన సెక్యూరిటీ. అమ్మ హ్యాండ్‌బ్యాగులో స్టీలు డబ్బా, అందులో పొద్దున చేసిన సర్వపిండి. "లోపలికి తీసుకపోనియ్యరమ్మా" అన్నాడు గార్డు, పాపం మర్యాదగానే. అమ్మకు మండింది. మా బావ నెట్‌లో ఏదో చదివి, బయటి తిండి ఆపే హక్కు వాళ్ళకు లేదని గట్టిగా వాదించాడు. తర్వాత ఇంటికొచ్చి చూస్తే తప్పు మాదే. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: హాలు ప్రైవేటు ఆస్తి, బయటి తిండి వద్దనే హక్కు యజమానికి ఉంది. అయితే తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, తల్లిదండ్రులు పసిపిల్లల కోసం తెచ్చుకున్న తిండిని ఆపకూడదు. మా పాప ఉగ్గు డబ్బాను వదిలేశారు, సర్వపిండి కౌంటర్లో ఉండిపోయింది. నాయనమ్మ నడుముకు చెక్కుకున్న వక్కల సంచి కూడా తీయమన్నారు. అందులో ఆకు, వక్క, సున్నం డబ్బా, చిన్న పొగాకు ముక్క. ఆ సంచి లేకుండా ఆమె మూడు గంటలు ఎక్కడా కూర్చోలేదు. ఇచ్చేటప్పుడు గార్డును "మల్ల ఇస్తవు గద కొడుకా" అని రెండుసార్లు అడిగింది.

అప్పటికే ఇరవై నిమిషాల సినిమా అయిపోయింది.

సినిమా పేరు చెప్పను. పోస్టర్ మీద యూఏ అని చూసి పిల్లలకు పర్వాలేదనుకున్నాను. ఇక్కడ మీరూ పొరపాటు పడొచ్చు. 2024 నుంచి యూఏలో మూడు రకాలు చేశారు: 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్. 'ఏ' (A) సర్టిఫికెట్ అయితే పద్దెనిమిది లోపు వాళ్ళను రానివ్వరు. యూఏ అయితే అడ్డుకోరు, తల్లిదండ్రుల విజ్ఞతకు వదిలేస్తారు. మేం వెళ్ళింది 16 ప్లస్. నా విజ్ఞత ఎంతో మొదటి ఫైటుకే తేలిపోయింది. గొడ్డలి లేచిన ప్రతిసారీ నా కొడుకు నా చొక్కాలో తల దూర్చాడు. ఆ సౌండుకు పాప లేచి ఏడుపు అందుకుంది, చెల్లె సగం సినిమా బయట కారిడార్‌లోనే తిరిగింది. చిన్నపిల్లలుంటే చెవుల్లో పెట్టడానికి ఇంత దూది, పెద్దవాళ్ళకు ఒక శాలువా తీసుకెళ్ళండి. ఏసీ చలికి నాయనమ్మ కాళ్ళు చీరలోకి ముడుచుకుని కూర్చుంది.

కథ ఆమెకు చుట్టరికాల ద్వారానే అర్థమవుతుంది. తెర మీదికి ఎవడొచ్చినా "వీడు ఎవల కొడుకు?" అని అడుగుతుంది. మొదటి ఇరవై నిమిషాలు పోయాయి కాబట్టి వీడు ఎవడి కొడుకో నాకూ తెలియదు. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి ఆయనే చెప్పాడు, ఆ గడ్డపాయన తమ్ముడి కొడుకని. దాంతో నాయనమ్మ ఇక నన్ను వదిలేసి అన్నీ ఆయన్నే అడిగింది. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ లైన్లో నిలబడి నేను రెండో సగం మొదలు కూడా పోగొట్టుకున్నాను. ఆ పాప్‌కార్న్ బిల్లు చూసి నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. బాపు లిఫ్ట్ గురించి నన్ను, అమ్మ సర్వపిండి గురించి బావను, దోస్తు రెండో వరుస గురించి మళ్ళీ నన్ను. ఇదీ మా మొదటి రోజు.

ఇంటికొచ్చాక నాయనమ్మ ఒక్కతే మామూలుగా ఉంది. వక్క నములుతూ పాత ముచ్చట చెప్పింది. వాళ్ళది పరకాల దిక్కు పల్లె. డేరా టాకీసు వస్తే అన్నం ముందే తిని, పిల్లలను చంకనేసుకుని నడిచిపోయేవారట. నేల టికెట్ తీసుకుని, ముందున్నోళ్ళ తలలు అడ్డం రాకుండా ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చునేవారట. "గప్పుడు కిందనే ఉండె గద టాకీసు. గిప్పుడు మిద్దె మీద పెట్టిన్రు" అంది. అంతే. నాకు అక్కడ వెలిగింది.

నిజానికి మన ఊరికి టాకీసులు కొత్తేం కాదు. హన్మకొండలో ఆటో అతనికి అలంకార్ అనో, విజయ టాకీస్ అనో చెప్తే చాలు, ఎక్కడికో అడగడు. సినిమా చూడనివాళ్ళ అడ్రసుల్లో కూడా టాకీసు పేర్లుంటాయి. అలాంటి ఊళ్ళో ఉండి, మా ఇంటి ముసలామెకు ఏ హాలు సులువో ఆలోచించకుండా యాప్‌లో పైన కనబడ్డది నొక్కాను.

రెండోసారి సంక్రాంతి సెలవుల్లో, పండుగ రద్దీ తగ్గాక, వారం మధ్యలో ఒక మామూలు రోజు చూసుకుని వెళ్ళాం. వరంగల్ వైపు ఒక పాత సింగిల్ స్క్రీన్, ఈమధ్య ఏసీ పెట్టి సీట్లు మార్చారు. ముందు రోజు సాయంత్రం నేనొక్కణ్ణే బండి మీద వెళ్ళి చూసొచ్చాను. గేటు లోపల దాకా కారు పోతుంది. హాలు నేల మీదే, లోపలికి నాలుగు మెట్లు, పక్కన పట్టుకోను రెయిలింగ్. బాల్కనీకి మాత్రం చాలా ఎక్కాలి. మనవాళ్ళకు బాల్కనీ అంటే మర్యాద, కింద కూర్చుంటే నామోషీ. నేను కింది క్లాసులో చివరి రెండు వరుసలు అడిగాను. తల పైకెత్తే పని లేదు, తలుపు నాలుగడుగుల దూరం, బాత్రూం ఆ తలుపు పక్కనే. పొద్దున దోస్తు కౌంటర్‌కు పోయి పన్నెండూ ఒకేసారి చింపించుకొచ్చాడు. యాప్ ఛార్జీ కూడా మిగిలింది.

మ్యాట్నీకి వెళ్ళాం. ఇంట్లో అన్నం తినే పోయాం కాబట్టి డబ్బాల గొడవ లేదు. నాయనమ్మ వక్క గేటు బయటే ఉమ్మి, నోరు పుక్కిలించి, సంచి కార్లో పెట్టింది. ఈసారి మొదటి సీను నుంచి ఉంది కాబట్టి ఎవడు ఎవల కొడుకో ఆమే మాకు చెప్పింది. ఇంటర్వెల్‌లో ఉల్లిగడ్డ సమోసాలు. తెలుసు కదా, రెండు వేళ్ళంత ఉంటాయి, పల్చటి పొర, లోపల ఉల్లిగడ్డ సగం పచ్చిగా కరకరమంటుంది. పాత పేపర్లో పోసిస్తే నూనెకు అక్షరాలు అంటుకుంటాయి. ముప్పై తెచ్చాను, నేను సీటు దగ్గరికి చేరేసరికి ఆరు మిగిలాయి. సినిమా గురించి చెప్పడానికేం లేదు, బావ నిద్రపోయాడు. వచ్చేటప్పుడు భద్రకాళి బండ్ దగ్గర ఆగాం. పిల్లలు ఉరికారు, పెద్దవాళ్ళు బెంచీల మీద కూర్చుని చెరువు చూశారు. ఏడింటికి ఇంట్లో ఉన్నాం.

ఇంకొక్కటి, టైం గురించి. మాకు వాట్సాప్ గ్రూప్ ఉంది, అందులో షో టైం పెట్టడం మానేశాను. ఎవరికి వాళ్ళకు ఫోన్ చేసి చెప్తాను. మ్యాట్నీ రెండింటికైతే బాపుకు మూడింటికి అని, ఆ దోస్తుకు ఒంటి గంటకు అని. సంక్రాంతప్పుడు ఇద్దరూ గేటు దగ్గర ఒకేసారి దిగారు, ఒంటిగంట నలభైకి. బాపు వాణ్ణి చూసి "నువ్వు గూడ ముందుగాలనే వస్తవా!" అని భుజం తట్టాడు. ఆలస్యమైందని తిట్లు తినడానికి సిద్ధమై వచ్చిన దోస్తుకు ఏం అర్థం కాలేదు.

మీవాళ్ళలో ఎవరికి ఎంత తేడా పెట్టాలో మీరే లెక్కేసుకోండి.