"ఇదేనా మీ భక్తి?" అని ఎవరైనా అడిగితే

ప్రశ్న: అన్నా, వందనాలు. నేను విశ్వాసినని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అడిగినవాళ్ళకు ప్రభువు గురించి చెబుతుంటాను కూడా. పోయిన నెల ఒక రిపోర్టులో పెద్ద తప్పు దొర్లింది. అది నేను చేసిందే. కానీ మీటింగ్‌లో భయపడి, నా కింద పనిచేసే అబ్బాయి మీదకు తోసేసి, అందరి ముందు అతని మీద అరిచాను. బయటికొచ్చాక తోటి ఉద్యోగి ఒకాయన "ఇదేనా మీ భక్తి?" అన్నాడు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. నా సాక్ష్యం పాడైపోయింది, నావల్ల వీళ్ళంతా దేవునికి దూరమైపోతారేమో అనిపిస్తోంది. ఇకమీదట నా విశ్వాసం గురించి నోరెత్తకుండా ఉంటే మంచిదా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నీ సాక్ష్యం గురించి చాలా ఉంది, ఆ అబ్బాయి గురించి మాత్రం ఒక్క వాక్యమే ఉంది. ఆ రోజు అతను ఇంటికి ఎలా వెళ్ళాడో, పైవాళ్ళ దగ్గర అతని పేరు ఏమైందో నువ్వు రాయలేదు. మనసు నొప్పించాలని అనడం లేదు. మనలో చాలామందిమి ఇక్కడే జారిపోతాం, సాక్ష్యం కాపాడుకోవాలనే ఆరాటంలో ఎదుటి మనిషినే మర్చిపోతాం.

అందుకే మొదట నోరు మూసుకోవడం గురించి కాదు, నోరు తెరవడం గురించే ఆలోచించు. మత్తయి 5వ అధ్యాయంలో 23, 24 వచనాలు చూడు. బలిపీఠం దగ్గరకు అర్పణ తెచ్చావు, నీ సహోదరునికి నీ మీద విరోధం ఉందని అక్కడ గుర్తొచ్చింది, అయితే అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడు అన్నాడు ప్రభువు. ఆరాధన మధ్యలో ఆపి వెళ్ళమన్నాడంటే అది ఎంత అవసరమో చూడు! పైగా ఇది, మీ వెలుగు మనుష్యుల ఎదుట ప్రకాశింపనివ్వండి అని చెప్పిన కాసేపటికే, అదే ప్రసంగంలో చెప్పిన మాట. వెలుగు అనగానే మనకు దానధర్మాలు, ప్రార్థనలు గుర్తొస్తాయి గానీ తప్పు చేసినవాడు వెళ్ళి ఒప్పుకోవడం గుర్తు రాదు.

ఇక ఎలా ఒప్పుకోవాలి అంటావా. పక్కకు పిలిచి మెల్లగా "సారీ, నీకు బాధ కలిగి ఉంటే క్షమించు" అంటే సరిపోదు. బాధ కలిగి ఉంటే ఏమిటి, కలిగింది కదా. నువ్వు అతన్ని అందరి ముందు అవమానించావు కాబట్టి అందరి ముందే చెప్పాలి, ఆ తప్పు నాది, భయపడి ఇతని మీదకు నెట్టాను, అరిచాను, అది అన్యాయం అని. పై అధికారికి కూడా నువ్వే చెప్పు, లేదా రాసి ఇవ్వు, ఎందుకంటే అతని రికార్డులో ఆ మచ్చ ఉండిపోతే నీ క్షమాపణ అతనికి ఏ రకంగానూ పనికిరాదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసు ఎదుట నిలబడి, నేను ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగంతలు తిరిగి ఇస్తాను అన్నాడు, ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని చెప్పింది ఆ మాటలు విన్న తర్వాతే. నీకు దీనివల్ల ఇంక్రిమెంటు పోవచ్చు, చులకన కావచ్చు. అయినా చెయ్యి. ఒక్క జాగ్రత్త, ఆ క్షమాపణకు సువార్త తగిలించవద్దు. ఆ రోజు ఆ అబ్బాయికి నువ్వు బాకీ ఉన్నది న్యాయం, ప్రసంగం కాదు.

ఆ తోటి ఉద్యోగి సంగతి. ఆయన్ను శత్రువులా చూడకు. "ఇదేనా మీ భక్తి?" అన్నాడంటే భక్తి అంటే ఇంతకంటే మంచిగా ఉండాలని ఆయనకు తెలుసన్నమాట. వెళ్ళి "మీరు అన్నది నిజమే" అని చెప్పు, అంతే, సమర్థించుకోకు. పేతురు తన ప్రభువును మూడుసార్లు ఎరగనన్న సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. ఆదిమ సంఘం తన పెద్ద చేసిన తప్పును దాచిపెట్టలేదు, ఆయన ఏడ్చిన ఏడుపుతో సహా చెప్పుకుంది. మనం మాత్రం ఏ తప్పూ చేయనివాళ్ళలా కనిపిస్తేనే జనం దేవుని దగ్గరకు వస్తారని ఎందుకో నమ్ముతాం.

ప్రశ్న: అన్నా, పెళ్ళయ్యాక నేను రక్షణ పొందాను. మా ఆయనకు విశ్వాసం లేదు. చెడ్డవారు కాదు, కానీ నేను వాక్యం ఎత్తితే చాలు విసుక్కుంటారు. చెప్పకపోతే ఆయన ఆత్మ గురించి దేవునికి నేనే లెక్క చెప్పాలేమో అని భయం. ఏం చేయను?

జవాబు: చెల్లెమ్మా, ఆ భయం నీది కాదు, ముందు దాన్ని దించుకో. "ఓ స్త్రీ, నీ భర్తను రక్షించెదవో లేదో నీకేమి తెలియును?" అని పౌలు కొరింథీయులకు రాశాడు. రక్షించేది దేవుడే. పేతురు అయితే ఇలాంటి భర్తలు "వాక్యము లేకుండనే" భార్యల నడవడి చూసి విశ్వాసంలోకి రాబట్టబడవచ్చు అన్నాడు, అంటే మీ ఆయనకు వచనాలు తక్కువై కాదు, ఇప్పటికే ఆయన చాలా విన్నారు.

నాలుగో శతాబ్దంలో, తర్వాత గొప్ప క్రైస్తవ బోధకుడైన అగస్టీన్ తల్లి మోనికా కథ నాకు ఇష్టం. ఆమె భర్త పాట్రిషియస్ విశ్వాసి కాదు, కోపిష్టి. ఆయన కోపంలో ఉన్నప్పుడు ఆమె ఎదురు మాట్లాడేది కాదట, చల్లారాక తన మాట చెప్పేది. చివరి రోజుల్లో ఆయన విశ్వాసంలోకి వచ్చాడు. కొడుకు విషయంలో మాత్రం ఆమెకూ ఓపిక ఆగలేదు, వాడితో మాట్లాడండి అని ఒక బిషప్పు వెంటపడితే, ఆయన ఒప్పుకోకుండా ఇప్పుడు వదిలెయ్, వాడికోసం ప్రార్థించు చాలు అన్నాడు. అగస్టీన్ 387లో, 32 ఏళ్ళ వయసులో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే సంవత్సరం ఆమె చనిపోయింది. మధ్యలో ఎన్నేళ్ళు ఏడ్చిందో చూడు.

ఆయనతో మామూలు మాటలు మాట్లాడు. ఆయన రోజు ఎలా గడిచిందో అడుగు, చెబితే పూర్తిగా విను, దాన్ని వచనం వైపు తిప్పకు. ఆరాధనకు వెళ్ళి వచ్చిన రోజున ఇంట్లో నువ్వు ఇంకాస్త నెమ్మదిగా ఉంటున్నావా, లేక అలసిపోయి చిరాకు పడుతున్నావా అని కూడా చూసుకో. ఇది చదివే వేరే సహోదరీలకు ఒక్క మాట, నేను చెప్పింది విసుక్కునే భర్త గురించే, కొట్టే భర్త గురించి కాదు. దెబ్బలు భరించడం సాక్ష్యం కాదు, అక్కడ ముందు క్షేమంగా బయటపడండి, సహాయం అడగండి.

ప్రశ్న: "ఎప్పుడూ సువార్త ప్రకటించు, అవసరమైతేనే మాటలు వాడు" అని ఇటలీ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ అన్నారట. అంటే మంచిగా బతికితే చాలా, చెప్పనక్కర్లేదా?

జవాబు: ఆ మాట ఆయన రచనల్లో ఎక్కడా లేదండీ. ఆయన బాగా ప్రసంగించిన మనిషి, 1219లో యుద్ధం మధ్యలో ఈజిప్టు సుల్తాను అల్ కామిల్ దగ్గరకే వెళ్ళి మాట్లాడాడు. అయితే 1221లో తన సన్యాసి సంఘంలోని సహోదరులకు ఇచ్చిన నియమావళిలో ఒక మంచి సంగతి ఉంది. ముస్లింల మధ్య బతకడానికి రెండు పద్ధతులు చెప్పాడు. ఒకటి, వాదాలూ తగాదాలూ పెట్టుకోకుండా, దేవుని నిమిత్తం అందరికీ లోబడి ఉంటూ, తాము క్రైస్తవులమని ఒప్పుకోవడం. రెండోది, అది దేవునికి ఇష్టమని కనబడినప్పుడు వాక్యం ప్రకటించడం. మొదటి పద్ధతిలో కూడా తామెవరో దాచుకోవడం లేదు, గమనించండి.

మొదటి పేతురు 3:15 కూడా, మీ నిరీక్షణ గురించి అడిగే ప్రతివానికీ సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి అంటుంది. అడిగేవాడు ఒకడు ఉన్నాడని అక్కడ ముందే అనుకున్నారు. మీ జీవితం చూసి ఎవరూ ఏమీ అడగకపోతే అదొక సమస్య, అడిగినప్పుడు నవ్వేసి "ఏం లేదు, నా స్వభావమే అంత" అని తప్పించుకుంటే అది ఇంకో సమస్య, ఎందుకంటే అప్పుడు ఆ మంచితనం మొత్తం మీ ఖాతాలోనే పడిపోతుంది.