ఆకురాయి కాదు, తూకం రాయి

ప్రశ్న: మొదటి సమూయేలు 13వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుల దగ్గర పనిముట్లు సరిచేసుకోవడానికి ఆకురాళ్లు మాత్రమే ఉన్నాయని మన పాత తెలుగు బైబిల్లో చదివాను. మా అబ్బాయి ఫోన్‌లో ఉన్న కొత్త ఇంగ్లీషు బైబిల్లో ఆకురాయి ఊసే లేదు, ఏదో డబ్బు లెక్క ఉంది. ఎవరు మార్చారండీ?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎవరూ మార్చలేదమ్మా, టెన్షన్ పడకండి. మూలంలో ఉన్న మాట 'పీమ్'. హీబ్రూ బైబిల్ అంతా వెతికినా ఆ 21వ వచనంలో తప్ప ఇంకెక్కడా కనబడదు. అలా ఒక్కసారే వచ్చిన మాటకు పక్కనున్న మాటల్ని బట్టి అర్థం ఊహించుకోవాల్సిందే. చుట్టూ పారలు, గొడ్డళ్లు ఉన్నాయి కదా, 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఆకురాయి అని వేశారు, మన అనువాదంలోనూ అదే వచ్చింది. తర్వాత 20వ శతాబ్దంలో పాలస్తీనా తవ్వకాల్లో చిన్న చిన్న సున్నపురాతి తూకాలు దొరికాయి. అడుగు చదునుగా, పైన గుండ్రంగా ఉన్న ఆ రాళ్ల నెత్తిన హీబ్రూలో మూడే అక్షరాలు: పీమ్. తూచి చూస్తే ఏడున్నర, ఎనిమిది గ్రాముల మధ్య తూగాయి, అంటే అప్పటి తూకం కొలత షెకెలులో సుమారు మూడింట రెండు వంతులు. ఈ కథ నాటి రాజు సౌలు కాలానికి నాణేలు లేవు, వెండిని తూచే ఇచ్చేవారు.

ఇప్పుడు ఆ వచనం మళ్లీ చదవండి. ఫిలిష్తీయుల పుణ్యమా అని దేశంలో కమ్మరి అన్నవాడే లేడు, నాగటి కర్రు మొద్దుబారితే శత్రువు కొలిమికే మోసుకెళ్లాలి, పదును పెట్టినందుకు వాడికే పీమ్ వెండి తూచి ఇచ్చి రావాలి. ఆకురాయి అంటే ఏదో ఒక ఆసరా మిగిలినట్టు, పీమ్ అంటే ఆ ఆసరా కూడా లేనట్టు. 'దేవుడు ఆకురాయినైనా మిగిల్చాడు' అని ప్రసంగం రాసుకున్నవారికి ఇబ్బందే మరి.

ప్రశ్న: సొలొమోను ఓడలు మన తీరానికే వచ్చేవని, నెమళ్లకు హీబ్రూలో వాడిన మాటకు మన 'తోక' మూలమని ఓ వీడియోలో చెప్పారు. ఆ ఓడలు బంగారం తెచ్చిన ఓఫీరు మన దగ్గరే ఉందా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ వీడియోలో రెండు వేర్వేరు వచనాల్ని కలిపేశారు. ఓఫీరు ఓడలు తెచ్చినవి బంగారం, ఓ రకం కలప, రత్నాలు. కోతులు, నెమళ్లు వచ్చింది 1 రాజులు 10:22లో, అవి తర్షీషు అనే వేరే చోటి పేరున్న ఓడలు. నెమళ్లకు అక్కడున్న మాట 'తుక్కియీం'. తమిళంలో నెమలి పింఛాన్ని 'తోగై' అంటారు, మన తోక దానికి చుట్టమే, కాబట్టి పోలిక చూపినవాళ్లు ఊరికే చూపలేదు. కానీ పాత గ్రీకు అనువాదంలో ఆ చోట నెమలే లేదు, కొందరు పండితులైతే అదీ ఓ రకం కోతే అంటున్నారు. ఒకవేళ నెమలే అయినా, పక్షితో పాటు పేరు కూడా నలుగురు వర్తకుల చేతులు మారి వెళ్లి ఉండొచ్చు, అందుకు సొలొమోను ఓడ మచిలీపట్నం రానక్కర్లేదు.

అలాగని ఓఫీరు కట్టుకథ కాదు. టెల్ అవీవ్‌లోని టెల్ కసీలెలో 1946లో ఓ కుండ పెంకు దొరికింది, క్రీ.పూ. 8వ శతాబ్దపుది. దాని మీద 'ఓఫీరు బంగారం, బేత్‌హోరోనుకు, 30 షెకెలులు' అని ఉంది (బేత్‌హోరోను ఓ ఊరు). చూడబోతే దుకాణం చిట్టీ! అయితే గుంటూరు మిర్చి అన్నట్టు ఓఫీరు అన్నది అప్పటికే సరుకు రకానికి పేరైపోయిందేమో, పెంకు ఆ ఊరెక్కడో మాత్రం చెప్పదు. అరేబియా అని, ఆఫ్రికా అని, ఇండియా అని వాదనలు నడుస్తూనే ఉన్నాయి. నన్నడిగితే అరేబియా వైపే మొగ్గుతాను, ఎర్రసముద్రం రేవు నుంచి బయల్దేరిన ఓడలకు అది దగ్గర.

ప్రశ్న: మా పాపకు 'సెలా' అని పేరు పెట్టాలనుకుంటున్నాం. 'ఆగి ఆలోచించు' అని అర్థమట కదా?
- ఓ తండ్రి, దుబాయ్

జవాబు: పేరు బాగుంది, పెట్టుకోండి. ఆ అర్థాన్ని మాత్రం బర్త్‌డే కార్డు మీద అచ్చేయించకండి. కీర్తనల్లో 71 సార్లు, హబక్కూకులో 3 సార్లు వచ్చే ఈ మాట పాడేవాళ్లకో వాయించేవాళ్లకో ఇచ్చిన సూచన అయి ఉంటుందని ఎక్కువమంది అభిప్రాయం. అంతకుమించి తేలలేదు. బండ అనే అర్థమున్న 'సెల' వేరే మాట, స్పెల్లింగూ వేరు.

ప్రశ్న: యెహోషువ కాల్చేసిన పట్టణం పేరు 'హాయి'. అర్థం కూడా అదేనా?
- ఒక విద్యార్థిని, ఏలూరు

జవాబు: పూర్తిగా ఉల్టా! హీబ్రూలో అది శిథిలాల కుప్ప అన్నట్టు వినిపిస్తుంది. రామల్లాకు దగ్గరున్న ఎత్-తెల్ దిబ్బే ఆ ఊరని చాలామంది అంటారు, అరబ్బీలో 'తెల్' అన్నా దిబ్బే కాబట్టి పేరు కుదిరిపోయింది. కానీ తవ్వి చూస్తే క్రీ.పూ. 2400 నుంచి 1200 దాకా సుమారుగా అక్కడ ఊరే లేదని తేలింది. యెహోషువ కాలం అని సాధారణంగా చెప్పేది సరిగ్గా ఆ ఖాళీలోనే పడుతుంది. దాంతో కొందరు పక్కనున్న వేరే దిబ్బలు తవ్వి చూశారు, కొందరు కథనే మరోలా చదువుతున్నారు.