ముంచేది కథ కాదు, మిత్తి

“నల్గొండ దిక్కు నలుగురు దోస్తులు కలిసి పెట్టే సినిమా కంపెనీలు ఒకటి రెండు సినిమాలకే ఎందుకు బందైతయి?” అని అడిగిన్రు.

కథ బాగలేక అని అందరూ అంటరు. నేనొప్పుకోను. నూటికి మూడు రూపాయల మిత్తికి కోటి తెస్తే నెలకు 3 లక్షలు. షూటింగ్ 40 రోజులల్ల అయిపోతది. ఫస్ట్ కాపీ (అన్ని పనులైపోయి ఆటకు తయారైన సినిమా) వచ్చినంక థియేటర్ల కోసం, ఓటీటీ జవాబు కోసం 8 నెలలు కూసుంటే 24 లక్షలు మిత్తికే పాయె. బడ్జెట్ కాయితంల ఈ పద్దు ఎవ్వరూ రాయరు. ముహూర్తం నాడు క్లాక్ టవర్ కాడ ఫ్లెక్సీలకు మాత్రం పైసలుంటయి!

దెబ్బ తెలిసేది రిలీజ్ ముందటి గురువారం రాత్రి. సినిమా అప్పటికే థియేటర్ సర్వర్ల ఎక్కి ఉంటది. బొమ్మ పడాలంటే కేడీఎం అనే తాళంచెవి ఫైలు రావాలె. అప్పిచ్చినాయన ఒప్పుకోందే సినిమా బయటికి ఇయ్యబోమని ల్యాబ్ రాసిచ్చిన కాయితం, అదే ల్యాబ్ లెటర్, ఫైనాన్షియర్ చేతిల ఉంటది, బాకీ ముట్టిందని ఆయన చెప్తేనే కీ వదులుతరు. అర్ధరాత్రి దాక ఫోన్లు, ఆఖరుకు శాటిలైట్ (టీవీ) హక్కులు ఆయనకే రాసిచ్చుడు. 11 గంటల ఆటకు కీ పన్నెండింటికి వస్తది, టికెట్ పైసలు వాపస్. ఇంకో చిక్కు: కీ ఒక్క సర్వర్‌కే, ఆ తేదీలకే పనిచేస్తది. థియేటర్ల సర్వర్ మార్చి చెప్పకపోతే వచ్చిన కీ కూడా దండుగే. బుధవారమే సర్వర్ నంబర్లు సరిచూసుకోవాలె.

అద్దెకు థియేటర్ తీసుకుంటే, వసూలు అద్దెకు సరిపోకపోయినా ఆ డెఫిసిట్ ప్రొడ్యూసర్ నెత్తినే. పేరుకు మనది నైజాం ఏరియా (సినిమా పంపిణీ లెక్కల తెలంగాణ), మన జిల్లాల కలెక్షన్ లెక్క మనకు వారానికి గానీ చేతికి రాదు. అదో బాధ.

ఆఫీసుకు తాళం వేస్తే కంపెనీ మూతపడ్డట్టు కాదు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే బ్యాలెన్స్ షీటు, వార్షిక రిటర్ను వేస్తూనే ఉండాలె. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. వరుసగా మూడేండ్లు వేయకపోతే డైరెక్టర్లు 5 ఏండ్లు అనర్హులు. బాకీలు తీర్చి, పెండింగ్ ఫారాలు వేసినంకనే, కంపెనీ పేరు కొట్టేయమని అడిగే ఫారం ఎస్‌టీకే-2 పెట్టాలె.

అంతకుముందే సినిమా హక్కులు కాయితం మీద ఒకరి పేరున మార్చుకోవాలె. ఆ కాయితంల గడువు రాయకపోతే చట్టం 5 ఏండ్లే అనుకుంటది, ఏరియా రాయకపోతే ఇండియా వరకే. యూట్యూబ్ హక్కులు కొన్నోళ్లకు ఈ సంగతి ఆరో ఏడు తెలుస్తది.