డాబా మీది బెంచీకి కలప

చి. శ్రావణికి ఆశీస్సులు.

డాబా మీదికి టేకు బెంచీ చేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. వడ్రంగికి అడ్వాన్సు ఇచ్చేముందు కలప సంగతి తేల్చుకో బిడ్డా.

మొదట పాత కలప వెతుకు. కూల్చిన ఇళ్ల దూలాలు, ద్వారబంధాలు హైదరాబాదులో దొరుకుతూనే ఉంటాయి. దానికోసం కొత్తగా చెట్టు కొట్టక్కర్లేదు, ఏళ్ల తరబడి ఆరింది కాబట్టి వంకర్లూ పోదు. చిక్కల్లా మేకులతోనే. అయస్కాంతం తిప్పి అన్నీ పీకించాకే చిత్రిక పట్టించు, లేకపోతే బ్లేడు పోతుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, తడిపి గీకమను.

కొత్తదే కొంటే ధర కంటే ముందు అది ఎక్కడిదో అడుగు. "బర్మా టేకు" అనగానే తలూపకు. మయన్మార్ 2014 ఏప్రిల్‌లోనే దుంగల ఎగుమతి ఆపేసింది. "ఈమధ్య వచ్చిన బర్మా దుంగను మా మిల్లులోనే కోశాం" అని దుకాణంవాడంటే అక్కడ కొనకు. తోటల్లో పెంచిన టేకును చిన్నచూపు చూడక్కర్లేదు, కాకపోతే లేత చెట్టులో చేవ తక్కువ. అంచున పాలిపోయిన తెల్లచెక్క ఉన్న పలక వద్దు, పురుగు ముందు దాన్నే పడుతుంది.

మన రాష్ట్రపు టేకైతే అటవీ శాఖ రవాణా పర్మిట్ అడుగు. ఎఫ్‌ఎస్‌సీ (అడవిని పాడుచేయకుండా తెచ్చిన కలపకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) కలపంటే దుకాణం గోడమీది ముద్ర చాలదు. నీ బిల్లు మీదే సర్టిఫికెట్ కోడు, 'ఎఫ్‌ఎస్‌సీ 100%' లాంటి మాట ఉండాలి. ఆ కోడును ఎఫ్‌ఎస్‌సీ సైట్‌లో కొట్టి గడువు చూడు.

లెక్క నువ్వే వేసుకో. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. 4 అడుగుల పొడవు, 3 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం పట్టీలు 12 కలిస్తే సరిగ్గా ఒక ఘనపుటడుగు. కాళ్లు, చట్రం, కోత తరుగు వేరే.

తేమ మీటరు పెట్టించు, 12 శాతం దాటితే వద్దు. పచ్చికలప ఏప్రిల్ ఎండకు కుంచించుకుపోయి అతుకులు వదులవుతాయి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించు, ఇనుపవి టేకు మీద నల్లమరకలు పెడతాయి. పట్టీల మధ్య 6 మి.మీ. సందు, కాళ్ల కింద రబ్బరు బిరడాలు ఉండాలి, కోసిన కొసల నుంచే నీరు ఎక్కువగా ఎక్కుతుంది. మెరుపు కోసం వార్నిష్ కొట్టిస్తానంటే నేను ఒప్పుకోను. అది ఎండకు పగిలి, లోపల నీరు నిలుస్తుంది. ఏడాదికోసారి వానలకు ముందు నూనె రాయి. బూడిదరంగుకు తిరిగినా కంగారుపడకు, అది పైపొర మాత్రమే.

మీ పెదనాన్న