పలుకు ఒకటే, స్పెల్లింగే రెండు

ప్రశ్న: స్టేషనరీ అని రాయాల్సి వచ్చినప్పుడల్లా చివర ఏఆర్‌వైనా, ఈఆర్‌వైనా అని టెన్షనే. తేలిగ్గా గుర్తుండే దారి చెప్పండి.

జవాబు: కాగితాలు, పెన్నులైతే ఈఆర్‌వై. కదలకుండా ఉన్నచోటే ఉండేదైతే ఏఆర్‌వై. ఎన్వలప్‌లో మొదటి అక్షరం ఈ కాబట్టి కాగితాలకీ ఈ అని గుర్తుపెట్టుకునేవాళ్లున్నారు, అదీ మంచిదే, కానీ అసలు కారణం తెలిస్తే ఆ చిట్కా అవసరమే ఉండదు. మధ్యయుగాల యూరప్‌లో సరుకు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలమ్మేవాళ్లు మాత్రం ఒకచోటే కొట్టు పెట్టుకునేవాళ్లు, అందుకే లాటిన్‌లో వాళ్లని స్టేషనారియస్ అన్నారు, అంటే ఒకచోట స్థిరంగా ఉండేవాడని. అదే ఇంగ్లీషులో స్టేషనర్ అయింది. లండన్‌లో వీళ్ల సంఘానికి 1557లో రాయల్ చార్టర్, అంటే రాజరికం ఇచ్చే గుర్తింపు పత్రం కూడా దక్కింది. బేకర్ నుంచి బేకరీ వచ్చినట్టే స్టేషనర్ అమ్మే సరుకు స్టేషనరీ, ఆ ఈఆర్ అక్కడిదే. చూశారా, రెండు మాటలదీ ఒకటే మూలం!

ప్రశ్న: వీరుడనే అర్థం వచ్చే నైట్‌కి ముందు కె ఎందుకు? పలకం కదా.

జవాబు: ఒకప్పుడు పలికేవాళ్లు. పాత ఇంగ్లీషులో అది దాదాపు 'క్నిహ్ట్'. మొదట్లో అర్థం కుర్రవాడు, సేవకుడు, ఆ తర్వాతే రాజు కోసం గుర్రమెక్కి యుద్ధం చేసేవాడు. రాత్రి అనే నైట్‌లోని జిహెచ్ కూడా అప్పట్లో గొంతులోంచి 'హ్' అని వినిపించేది. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడుతూ వచ్చాయి, పలుకుబడి మాత్రం మారుతూనే పోయింది. చివరికి కె నోట్లోంచి జారిపోయి రాతలో మిగిలింది. దాన్ని దండగ అక్షరం అనడం నాకు నచ్చదు, రాత్రినీ వీరుణ్నీ కాగితం మీద విడదీస్తున్నది అదే.

ప్రశ్న: పువ్వు అనే ఫ్లవర్‌కీ, పిండి అనే ఫ్లవర్‌కీ ఏమిటి సంబంధం?

జవాబు: రెండూ ఒకటే మాట! గోధుమను దంచి జల్లించాక వచ్చే మేలైన భాగాన్ని దాని 'పువ్వు' అన్నారు. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో కూడా పిండికి వేరే స్పెల్లింగ్ లేదు. పిండిని 'ఫ్లోర్' అని పలికేస్తుంటారు చాలామంది, అది నేల అవుతుంది, జాగ్రత్త.

ప్రశ్న: కాంప్లిమెంట్‌లో మధ్యన ఐ రాయాలా, ఈ రాయాలా?

జవాబు: మెచ్చుకోలుకి ఐ. ఒకదాని లోటు తీర్చి నిండుదనం తెచ్చేదానికి ఈ, కంప్లీట్‌లో ఉన్న ఈ అనుకోండి. రెండూ సరైన మాటలే కాబట్టి మామూలు స్పెల్‌చెక్ పట్టుకోకపోవచ్చు, పంపేముందు మీరే ఒకసారి చూసుకోండి.